దీవిలో కట్టిన దస్తీ

సంతకం పెట్టమని కాగితం నా ముందుకు జరిపాడు వరప్రసాద్. పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చాడు. నా వ్యాపారంలో అవతలివాడు అంత మర్యాద చేశాడంటే బస్తా అడుగున చేయి పెట్టి చూడాలని అర్థం. కానీ ఆ రోజు నేను శంషాబాద్ వచ్చింది సరుకు చూడటానికి కాదు, ఒక మనిషికి దండం పెట్టడానికి.

ఆ మనిషి ఎదురుగా కూర్చుని నవ్వుతున్నాడు. పేరు భార్గవ్. బెంగుళూరు రోడ్డు పక్కన ప్లాట్లు అమ్మే ఆఫీసు అతనిది. నేను తెచ్చిన పూలదండ అతని మెడలో ఉంది, స్వీట్ల డబ్బా బల్లమీద ఉంది.

"ఫిబ్రవరి పదో తారీఖు రాత్రి మారిషస్‌లో భార్గవ్‌గారు మీ పక్కన ఉన్నారు. మీ ప్రాణం కాపాడారు. మీరు ఉత్తరంలో రాసిన మాటలే ఇందులోనూ ఉన్నాయి జోగారావుగారూ. ఒక సంతకం పడేస్తే నా పని అయిపోతుంది," అన్నాడు వరప్రసాద్.

వరప్రసాద్ పోలీసు ఉద్యోగం వదిలేసి హైదరాబాద్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాడు. నేను మలక్‌పేట గంజ్‌లో మిరపకాయల వ్యాపారిని. మిరప్పొడిలో ఇటుకపొడి ఎవడు కలిపాడో పట్టుకోవడంతో మొదలై, గోదాముల దొంగతనాలు, ఆ తర్వాత ఒకటి రెండు హత్య కేసులు కూడా నా చేతికి వచ్చాయి. అందులో ఒకటి వరప్రసాద్ చేతిలోంచి జారి వచ్చింది. అది అతను మరచిపోలేదు.

ఇప్పటి కేసు ఇది. భార్గవ్ భాగస్వామి మల్లేశ్వర్ ఆ పదో తారీఖు రాత్రే మంఖాల్ దగ్గర ఒక బావి మోటారు గదిలో తల పగిలి చచ్చిపోయాడు. అమ్మిన ప్లాటే మళ్లీ అమ్మడం గురించి భాగస్వాములిద్దరికీ పడటం లేదని ఊరంతా అనుకున్నారు. కానీ భార్గవ్ ఆ రోజు దేశంలోనే లేడు. ఇక మిగిలింది ఆ బావి సొంతదారు బుచ్చయ్య. పొలం అమ్మనని మల్లేశ్వర్‌తో అంతకుముందే గొడవపడ్డాడు. మల్లేశ్వర్ అన్నదమ్ములు పెట్టుకున్న డిటెక్టివ్ వరప్రసాద్. సాయంత్రానికి బుచ్చయ్యను పోలీసులకు అప్పగించడానికి అంతా సిద్ధం చేసుకున్నాడు. భార్గవ్ మీద ఉన్న అనుమానం తుడిచేయడానికి నా సంతకం ఒక్కటే తక్కువ.

పెన్ను తీసుకున్నాను. రాయడానికి నాకు అభ్యంతరం ఏముంది? ఉత్తరం నేనే రాశాను. అందులో ప్రతి అక్షరం నిజం.

పచ్చళ్లూ కారం అమ్ముకోవడానికి మారిషస్ వెళ్లాను. మన తెలుగువాళ్లు తాతల కాలంలో చెరకు తోటల్లోకి వెళ్లి స్థిరపడ్డ దీవి అది. సముద్రంలోంచి అగ్నిపర్వతం లేచి గడ్డకడితే ఏర్పడిందట. ఒడ్డునంతా కాలిన బెల్లంలాంటి నల్లరాళ్లు, వాటి పైన కంటికి నొప్పి పుట్టించేంత పచ్చదనం. అక్కడి ఆకాశాన్ని మాత్రం ఏ వ్యాపారీ నమ్మకూడదు. ఒడ్డున ఎండలో బేరం మొదలుపెడితే కొండమీద బేరం ముగిసేసరికి గొడుగు కొనుక్కోవాలి. తుఫాను రావచ్చని టాక్సీవాడు చెప్పినా, కొండమీద పాత అగ్నిపర్వతం నోట్లో నీళ్లు నిండి చెరువైందంటే చూడాలనిపించింది. చూశాను. తిరిగి వస్తుండగా చెట్టు విరిగి టాక్సీ మీద పడింది. కళ్లజోడు పోయింది, నుదురు చీలి కళ్లనిండా రక్తం. అప్పుడు ఎవరో తలుపు ఊడబీకి నన్ను భుజాన వేసుకున్నారు. దగ్గరలో ఉన్న ఒక తెలుగు ముసలమ్మ ఇంట్లోకి మోసుకెళ్లి నుదుటికీ కళ్లకూ కలిపి గుడ్డ కట్టారు. తెల్లవార్లూ గాలికి తలుపు విరిగిపోకుండా వీపు ఆనించి నిలబడ్డారు. తెల్లవారి నా కట్టు విప్పేసరికి ఆ మనిషి వెళ్లిపోయాడు. పేరు భార్గవ్ అనీ, ఊరు శంషాబాద్ అనీ చెప్పాడని ముసలమ్మ అంది. లాంతరు వెలుగులో అతని ముఖం చూసింది ఆమె ఒక్కతే. నాకు తెలిసింది గాలి హోరులో విన్న గొంతూ, చేయీ.

ఇంటికి రాగానే భార్గవ్ పేరున ఉత్తరం రాశాను. శంషాబాద్‌కు ఇప్పటికి తీరిక చేసుకుని వచ్చాను. నుదుటికి కట్టిన గుడ్డ ఉతికి, మడతపెట్టి, సంచిలో తెచ్చాను. చేతికిచ్చి కాళ్లకు దండం పెడదామని.

"మీ ఉత్తరం చదివి మా ఆవిడ కంటతడి పెట్టిందండీ," అన్నాడు భార్గవ్. "నేను చేసిందేముంది? ఆ సమయంలో ఎవరున్నా చేస్తారు."

నాకు అక్కడ ఏదో తగిలింది. మాట బాగుంది. కానీ ఆ యాస మా కోస్తా యాస.

"మీదే ఊరండీ?" అన్నాను.

"బందరండీ. వ్యాపారం కోసం ఇటు వచ్చాం."

"మాది రేపల్లె."

"అయితే మనం మనం ఒకటే," అని నవ్వాడు.

ఆ రాత్రి నన్ను మోసిన మనిషి చెప్పిన మాటలు నాకు కంఠతా వచ్చు. 'ఏం గాదన్నా. జర ఊపిరి వట్టు. నేనున్న గద.' హైదరాబాద్ మనిషిలే అనుకున్నాను అప్పుడు. చెట్లు కూలుతుంటే, చావు పక్కన నిలబడితే, బందరు మనిషి నోట ఆ మాట ఎలా వస్తుంది?

పెన్ను మూత పెట్టాను. వరప్రసాద్ కనుబొమలు ముడిపడ్డాయి.

"సంతకానికి తొందరేముంది? ముందు మా దేవుడితో నాలుగు మాటలు మాట్లాడుకోనివ్వండి," అన్నాను. "భార్గవ్‌గారూ, కళ్లకు గుడ్డ కట్టేశారు, నాకు ఆ రాత్రి ఏమీ కనిపించలేదు. దేనితో కట్టారండీ అంత గట్టిగా?"

"చేతికి అందిన గుడ్డ ఏదో. ఆ హడావుడిలో ఎవరు చూశారు?"

"గాలి ఎటునుంచి వచ్చిందో గుర్తుందా?"

"ప్లాట్లు అమ్మేవాణ్ణండీ, దిక్కులు మరచిపోతే అన్నం పుట్టదు," అన్నాడు హుషారుగా. "ముందు ఈశాన్యం నుంచి మొదలైంది. గంటల తరబడి అదే ఊపు. తర్వాత ఉన్నట్టుండి ఆకు కదల్లేదు. అయిపోయిందనుకున్నాం. అప్పుడు నైరుతి నుంచి కొట్టిందండీ, రెండింతలు. తలుపు నేను పట్టుకున్నది ఆ నైరుతి గాలికే."

"అచ్చం మన డెబ్భై ఏడు ఉప్పెన లాగా."

"అచ్చం అదే. అప్పుడు మా మేడమీద ఉన్నాం. ఆ గాలి చెవిన పడ్డవాడు జన్మలో మరచిపోతాడా?"

మరచిపోడు. నేనూ మరచిపోలేదు. మా రేపల్లెలోనూ ముందు ఈశాన్యమే, తర్వాత నైరుతే. కానీ ఆ దీవి ముసలమ్మ ఇంట్లో ముందుగా ఎగిరిపోయింది వంటిల్లు. దేశం వదిలి నాలుగు తరాలైనా ఆ ఇంటివాళ్లు వంటిల్లు ఆగ్నేయ మూలే కట్టుకున్నారు. ఆగ్నేయం గాలి దాన్ని రేకులతో సహా పీకేసింది. నిశ్శబ్దం తర్వాత దెబ్బ పడింది ఎదురు మూల, వాయవ్యం తలుపు మీద. మర్నాడు పని చోటునుంచి ఇల్లు చేరిన ముసలమ్మ కొడుకు నవ్వుతూ చెప్పాడు, భూమికి ఆ సగంలో తుఫాను మన తుఫానుకు ఎదురుగా తిరుగుతుందని.

ఎవరో వెళ్లి వచ్చి ఇతనికి కథ చెప్పారు. చెట్టు చెప్పారు, టాక్సీ చెప్పారు, తలుపు చెప్పారు. దిక్కులు చెప్పలేదు. ఉప్పెన ఎరగని మనిషికి గాలి దిక్కు చూడాలని తెలియదు. ఆ ఖాళీలో ఇతను తన బందరు గాలి పోసి నింపాడు. రంగు బాగా కలిసింది కానీ, ఘాటు వేరు.

ఒక ఎర వేశాను.

"అన్నట్టు మరచిపోయాను. ఆ ముసలమ్మ మనవడు ఆ రాత్రి మన ఇద్దరికీ ఫోటో తీశాడట. కడిగించి పోస్టు చేశానని ఫోను చేశాడు. వస్తే పెద్దది చేయించి పటం కట్టించి మీకిస్తాను."

భార్గవ్ చేతిలో టీ గ్లాసు పెదవి దాకా వెళ్లి ఆగింది. ఆగిన సంగతి తనే గమనించి, తాగాడు.

"తప్పకుండా," అన్నాడు. మెడలో దండ తీసి బల్లమీద పెట్టాడు.

నేను సంచి తెరవలేదు. బయటికి వచ్చాను. గుమ్మం మీద రంగుబల్బుల తోరణం, ఆకుపచ్చ తీగది, బోర్డు సగం దాకా వచ్చి తెగిపోయి వేలాడుతోంది. ప్లాట్లు అమ్మేవాడు గుమ్మం అలా వదిలేశాడేమిటా అనుకున్నాను.

వరప్రసాద్ నా వెనకే వచ్చాడు.

"ఏంటండీ మీ నాటకం? ప్రాణం పోసినవాడి మీద నిఘా వేస్తున్నారా? కృతజ్ఞత అంటే మీ గంజ్‌లో ఇదేనా?"

"ప్రాణం పోసినవాడు ఇతను కాదు," అని గాలి సంగతి చెప్పాను.

మొత్తం విని చేతులు కట్టుకున్నాడు. "మిరపకాయలతో పాటు తుఫానులు కూడా అమ్ముతున్నారన్నమాట. పాస్‌పోర్టు మీద ముద్ర ఉంది. హోటలు బిల్లు ఉంది. గాలికి సాక్షి ఎవరు, మీ కళ్లకు కట్టిన గుడ్డా?"

"వెళ్లింది భార్గవ్ పేరు. మనిషి వెళ్లినట్టు చూసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. ఫోటో మార్చి, తిరిగొచ్చాక మళ్లీ మార్చే చేతులు బొంబాయిలో ఎన్ని లేవు? పోలీసు ఉద్యోగం చేసిన మీకు నేను చెప్పాలా?"

వరప్రసాద్ గొంతు పెంచాడు. "బావి బుచ్చయ్యది. గది బుచ్చయ్యది. తెల్లవారి శవాన్ని చూసినప్పుడు మోటారు నడుస్తూ ఉంది. అరుపులు వినపడకుండా వేశాడు. సొంతదారు కాక మోటారు వేసేదెవరు?"

"పదండి, ఆ మోటారునే అడుగుదాం."

"భోజనం చేయకుండా నేను కదలను," అన్నాడు. ఎదురు హోటల్లో కూర్చుని నిదానంగా తిన్నాడు, పెరుగు రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. ఆ ఆలస్యానికి ధర తర్వాత తెలిసింది. తర్వాత తన పాత ఫియట్‌లో మంఖాల్ తీసుకెళ్లాడు.

బుచ్చయ్య ఇల్లు పొలంలోనే, బావికి పక్కన. వాకిట్లో మంచం మీద బొంత పరిచి ఉంది. ఆ మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాడు బుచ్చయ్య. అరవై దాటిన మనిషి. మల్లేశ్వర్ బంధువులు ఇద్దరు అతను పారిపోకుండా గట్టుమీద కాపలా ఉన్నారు. భార్య సత్తెమ్మ మా కోసం చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఇంక పోదమా సారూ?" అన్నాడు బుచ్చయ్య వరప్రసాద్‌తో, బస్సు వచ్చిందా అన్నట్టు.

"కాసేపు ఉండు. ఈ సేటుకు నీ మోటారు చూడాలని ముచ్చటగా ఉందట."

హత్య రాత్రి గది తాళం ఎవరూ పగలగొట్టలేదు. తాళంచెవులు రెండు, ఒకటి బుచ్చయ్య దగ్గర, ఇంకోటి భార్గవ్ దగ్గర. మోటారు కొనిచ్చింది భార్గవే, పొలం బేరం తేలేదాకా మంచి చేసుకోవడానికి. శవాన్ని తీశాక ఆ గదిని ఎవరూ వాడలేదు. లోపల చీకటి. టార్చి కోసం సంచి తెరిచి, పైనున్న గుడ్డ తీసి బయట మంచం మీద పెట్టి, గదిలోకి వంగి వెళ్లాను.

స్టార్టరు పక్కన ఫ్యూజు బోర్డు. మూడు ఫ్యూజులు ఉండాల్సిన చోట ఫ్యూజులు లేవు. వాటి బదులు తీగ చుట్టి ఉంది, హడావుడిగా, మెలికలు మెలికలుగా.

"బుచ్చయ్యా, నీ ఫ్యూజులేవి?"

అతను అంగీ జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. విప్పితే మూడూ ఉన్నాయి. "దినాం మోటరు బందువెట్టంగనే తీసుకపోత సేటూ. ఆడనే ఉంచితె పక్క చేనోళ్లు రాత్రి మోటరేసి నా బాయిల నీళ్లు గుంజుకుంటరు. గీడ అందరు గట్లనే చేస్తరు."

"ఆ రోజూ తీసుకుపోయావా?"

"తీస్కపోకుంటె నాకు నిద్ర వడ్తదా?"

వరప్రసాద్‌ను లోపలికి పిలిచి టార్చి వేశాను. "చూడండి. జేబులో ఫ్యూజులున్న మనిషి చీకట్లో చేయి కాల్చుకుంటూ తీగ ఎందుకు చుడతాడు? మోటారు వేసింది ఫ్యూజులు లేనివాడు. ఇక్కడివాళ్లు ఫ్యూజులు ఇంటికి పట్టుకుపోతారని తెలియనివాడు. తాళంచెవి ఒక్కటి ఉంటే చాలనుకుని వచ్చాడు."

"మనల్ని తప్పుదారి పట్టించడానికి వీడే చుట్టి ఉండొచ్చు."

"అయితే ఈ తీగ వీడికి ఎక్కడిది?"

రాగితీగ మీద పైతొడుగు సరిగా ఊడలేదు. గోరంత ముక్క మిగిలింది. ఆకుపచ్చది. పొద్దున బోర్డు మీద తెగి వేలాడుతున్న తోరణం వరప్రసాదూ చూశాడు. అతను ఆ ముక్క మీదికి వంగాడు. టార్చి నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చూశాడు. అతని మీద నాకున్న కోపం కొంత తగ్గింది. తప్పు తూకం వేసినవాడు రాయి మార్చడానికి ఒప్పుకుంటే వాడితో ఇంకా వ్యాపారం చేయవచ్చు.

"తోరణం ఊళ్లో ఇంకొకరికి ఉండకూడదా?" అన్నాడు చివరికి. "నాకు మనిషి కావాలండీ జోగారావుగారూ. దీవికి వెళ్లింది భార్గవ్ కాకపోతే ఎవరు? వాణ్ణి చూపించండి, నా కాగితం నేనే చింపేస్తాను."

అప్పుడు బయటినుంచి సత్తెమ్మ గొంతు వినిపించింది.

"ఇది మీకెక్కడిది సేటూ?"

గది బయటికి వచ్చాను. ఆమె చేతిలో నా గుడ్డ ఉంది. ఉతికినా వదలని నా రక్తం మరకను వేలితో రుద్దుతోంది.

"మారిషస్ అనే దీవిలో ఒకాయన నా తలకు కట్టాడమ్మా."

"దీవేంది? ఇది మా మధు దస్తీ." ఆమె మంచం మీది బొంత అంచు ఎత్తి గుడ్డను పక్కన పెట్టింది. అదే మెంతిరంగు నేత, అదే కుంకుమరంగు గీత. "నా చీర చినిగితె సగం బొంతల ఏసిన, సగం కోసి పోరనికి దస్తీలు కుట్టిన. బొంబాయికి సారు పని మీద పోతున్ననని పట్టుకపోయిండు."

"ఏ సారు?"

"భార్గవ్ సారు. మా మధు ఆయన కారు నడుపుతడు."

మోటారు గది గుమ్మంలో వరప్రసాద్ నిలబడిపోయాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం, నా సంతకం లేని కాగితం, తీసి నాలుగు ముక్కలు చేశాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు.

నేను నుదుటి మచ్చ తడుముకున్నాను. నన్ను మోసిన భుజం ఈ ఇంట్లో పెరిగింది. ఆ భుజాన్ని కన్న తండ్రిని జైలుకు పంపడానికి నా కృతజ్ఞతే కాగితమై వచ్చింది. పొద్దున పూలదండ వేసింది హంతకుడి మెడలో. వంగి బుచ్చయ్య పాదాలు ముట్టుకున్నాను. అతను కంగారుగా వెనక్కి జరిగాడు.

"ఏందిది సేటూ, ఇడువుండ్రి. నేనేం చేసిన?"

"మీరు కన్నారు. నేను బతికాను," అన్నాను. సత్తెమ్మకూ దండం పెట్టాను. "అమ్మా, మీ అబ్బాయి ఎక్కడ? వాడు వచ్చి ఒక్క మాట చెబితే మీ ఆయన ఈ రాత్రి ఈ మంచం మీదే పడుకుంటాడు."

సత్తెమ్మ ముఖం విప్పారింది. "ఆడు పరేషాన్‌ల ఉన్నడు సేటూ. మల్లేశ్వర్ సచ్చిపోయిండని తెలిసిన కాన్నుంచి పని మానేసిండు. ఏందిరా అంటె చెప్పడు. ఎవరడిగినా నేనేడున్ననో చెప్పకు అమ్మా అని ఒట్టేయించుకున్నడు. బడంగ్‌పేటల మా చెల్లె ఇంట్ల ఉన్నడు, కొత్త ఇండ్ల కాడ."

"ఇది ఇంకెవరికైనా చెప్పారా?"

"ఎవరికి చెప్త? ఊరోళ్లకు ఎవ్వరికి చెప్పలె." ఆమె దస్తీని మడతపెట్టి నా చేతిలో పెట్టింది, సంతోషంగా, జాగ్రత్తగా. "భార్గవ్ సారుకే చెప్పిన. మీరు రాకముందుగాల్నే కారేసుకోని వచ్చిండు, తానే నడుపుకుంట. బుచ్చయ్యకు పెద్ద వకీలును పెడత, మధుతోని జర మాట్లాడాలె, ఏడున్నడు సత్తెమ్మా అన్నడు. నీ రుణం ఏ జన్మల తీర్చుకోవాలె బాపూ అని కాళ్లు మొక్కిన."

వరప్రసాద్ అప్పటికే ఫియట్ వైపు పరుగెడుతున్నాడు.